రెండూ ఇరవైకి లేచిన లలితక్క కంప్యూటర్

మీరు నమ్మరని తెలిసే మొదలుపెడుతున్నాను. ఇలాంటివి చెప్పేవాళ్లు పిల్లల మీద ఒట్టు పెడతారు. నాకది ఇష్టం ఉండదు. నేను నా స్క్రూడ్రైవర్ మీద ఒట్టు పెడతాను. ఇరవై ఏళ్లుగా నాకు తిండి పెట్టింది అదే. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపటి నుంచి దానికి ఒక్క స్క్రూ కూడా లొంగకపోనీ. ఉన్నది పెంచి చెప్పాలన్నా... పెంచడానికి ఇందులో నా గొప్పతనమేమీ లేదు. వింటే మీకే తెలుస్తుంది.

రెండువేల నాలుగు ప్రాంతం. బాన్సువాడ బస్టాండు దాటాక, మెట్లెక్కి పైకి పోతే ఒక చిన్న షట్టర్. కిరాయిది. అదే నా కంప్యూటర్ రిపేరు షాపు. నిజామాబాద్‌లో ఆరు నెలలు హార్డ్‌వేర్ కోర్సు చేశాను. అందులో హార్డుగా చదివింది రెండు వారాలు. మిగతా రోజులు నేనొకచోట, క్లాసు వేరొకచోట. జనం మాత్రం ప్రేమగా కంప్యూటర్ డాక్టర్ అనేవారు. నిజానికి నేను ఆర్‌ఎంపీని. ఏ రోగమొచ్చినా ముందు ఒక ఫార్మాట్ కొట్టి పంపించేవాణ్ణి.

ఒక పొద్దున లలితక్క మెట్లెక్కి వచ్చింది.

ఆమెది బీర్కూర్ రోడ్డులో ఇల్లు. ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లి పత్రికలు, కరపత్రాలు కొట్టేది. భర్త మస్కట్‌లో పని చేసేవాడు. ఇంట్లో ఆమె, మూడేళ్ల పాప, అత్తగారు నర్సవ్వ. ముగ్గురే.

"తమ్మీ, మా కంప్యూటర్ నడిరాత్రి దానంతటదే లేస్తుంది. నువ్వొచ్చి జెర పండవెట్టు" అంది.

నేను నవ్వాను. "లేస్తే లేసింది తీ అక్కా. నీకన్న ముందే డ్యూటీ ఎక్కుతుందన్నట్టు."

"నవ్వకు. కంప్యూటర్ లేస్తే మా అత్త లేస్తది. లేసి మంచంల కూసుంటది. ఇగ తెల్లారిందాక పండదు. పొద్దంత తూగుతది, యాళ్లకు తినదు. షుగర్ ఒకనాడు మీదికి, ఒకనాడు కిందికి. దసరా అప్పుడు పడిపోలేదా? షుగర్ సూది ఇచ్చినంక తిండి తప్పొద్దు, నిద్ర తప్పొద్దు, ఇంకొక్కసారి గిట్లయితే మనిషి దక్కదని డాక్టర్ మొకం మీదనే చెప్పిండు."

నవ్వు ఆపాను.

రాత్రి కంప్యూటర్‌ను పూర్తిగా ఆపేస్తే పోయేది కదా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. దాని హార్డ్ డిస్క్ అప్పటికే ముసలిదైపోయింది. ఒకసారి ఆపితే మళ్లీ ఆన్ కావడానికి గంటసేపు బతిమాలించుకునేది. ఒక్కోరోజు అసలే అయ్యేది కాదు. పెళ్లిళ్ల కాలం... లోపలన్నీ జనం పత్రికలు. కొత్త డిస్క్ వచ్చేదాకా దాన్ని స్టాండ్‌బైలో పెట్టి పడుకోమని చెప్పింది నేనే. స్టాండ్‌బై అంటే పూర్తి నిద్ర కాదు. గుర్రం నిలబడి తీసే కునుకు లాంటిది. తట్టితే లేస్తుంది. ఇక్కడ వచ్చిన చిక్కల్లా... తట్టేదెవరు?

వెళ్లాను. చూశాను. మౌస్ కదిలితే కంప్యూటర్ లేవాలని ఒకచోట టిక్కు ఉంటుంది. తీసేశాను. "చూసుకో అక్కా, ఇగ లేవదు."

మర్నాడు లలితక్క మెట్ల మీద ఉంది. "లేసింది."

ఫోను మోగినా లేపే ఏర్పాటు ఒకటుంటుంది, మోడెం ద్వారా. అదీ తీసేశాను. "ఇగ లేవదు."

"లేసింది."

టైము పెట్టి లేపే అలారంలాంటిది బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదట లేచేటప్పుడు చూసుకునే సెట్టింగుల్లో ఉంటుంది. అక్కడా ఏమీ లేదు. అయినా ఉన్నవన్నీ బంద్ చేశాను. ఈసారి "ఇగ లేవదు" అనలేదు. "చూద్దాం" అన్నాను. అనుభవం మనిషికి మాటలు నేర్పుతుంది.

నాలుగోనాడు పిలవకముందే నేనే ఆ ఇంటికి పోయాను. నర్సవ్వ మంచం మీద కూర్చుని పాపకు జడ వేస్తోంది. ఆమె మంచం ముందు గదిలోనే, కంప్యూటర్ బల్లకు ఎదురుగా. సన్నగా, ఎండిన చింతకాయలా ఉండేది మనిషి. నన్ను చూసి నవ్వింది.

"కొడుకా, ఎందుకు పరేషాన్ అయితవ్? గా లేసేటిది మీ తాత."

"ఎవలవ్వా?"

"మా పెద్దమనిషి. పోయి మూడేండ్లాయె. బతికున్నన్ని దినాలు రాత్రి రెండు గొట్టంగనే లేస్తుండె, మోటర్ పెట్టనీకె. త్రీఫేజు కరెంటు గప్పుడే వస్తుండె గద. చెరుకుకు నీళ్లు పెట్టి తెల్లారి వస్తుండె. గిప్పుడు గూడ గదే యాళ్లకు లేస్తుండు. లేసి గీ డబ్బల దీపం పెడ్తుండు. లేసినోణ్ణి ఇడిశిపెట్టి నేనెట్ల పండుకుంట?"

లలితక్క తల కొట్టుకుంది. నాకు మాత్రం బుర్రలో దీపం వెలిగింది... అరుదైన సంఘటన.

కరెంటు!

రాత్రి రెండింటికి పొలాలకు త్రీఫేజు వస్తుంది. బాన్సువాడ చుట్టూ వరి, చెరుకు. ఇన్ని ఊళ్ల మోటర్లు ఒక్కసారిగా లేస్తే టౌన్‌లో బల్బులు ఒక్క క్షణం తల దించుకుంటాయి. ఆ కుదుపే కంప్యూటర్ భుజం తట్టి లేపుతోంది. మధ్యలో మంచి యూపీఎస్ ఒకటి పెడితే ఆ కుదుపు దీనిదాకా రాదు. ఇంత సులువైనదానికి మూడు సార్లు తిరిగాను! కానీ మూడు సార్లు మాట పోయిందిగా... అందుకే, ఈసారి రాత్రంతా దగ్గరే కూర్చుని కళ్లారా చూస్తానన్నాను.

ఆ రోజు పొద్దంతా బిచ్కుందలో పని. మధ్యాహ్నం తిండి లేదు. యూపీఎస్ భుజాన వేసుకుని బస్సు దిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. లలితక్క అప్పటికే అత్తకు సూది ఇచ్చేసి, లోపల పాపను నిద్రపుచ్చుతోంది. "అత్తమ్మా, తమ్మికి పెట్టు. నువ్వు గూడ తిను" అని లోపలి నుంచే అంది.

నర్సవ్వ నా ముందు పళ్లెం పెట్టింది. జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు... గోంగూరే లెండి. వేడి వేడి రొట్టెలు... ఇప్పటికీ ఆ వాసన తెలుసు నాకు. రెండు తిన్నాను. మూడోది వేసింది. వద్దనలేదు. నాలుగోది వేసింది. ఊరికే ఒకసారి వద్దన్నాను.

"నువ్వు తిన్నవా అవ్వా?"

"నేనెప్పుడో తిన్న బిడ్డా. నువ్వు తిను. మొకం జూడు, ఎట్ల గుంజుకపోయిందో."

తిన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

తర్వాత పని. యూపీఎస్ బిగించాను. ఫోను తీగ గోడ నుంచి పీకేశాను. మౌస్‌కు కూడా చిన్న ఆపరేషన్ చేశాను. అప్పట్లో ఎలుక పొట్టలో రబ్బరు ఉండ ఉండేది కదా. అది తీసి, సబ్బుతో కడిగి, లోపలి మట్టి గోరుతో గీకాను. నర్సవ్వ పక్కన కూర్చుని తన పెద్దమనిషి ముచ్చట్లు చెబుతూనే ఉంది. కంప్యూటర్‌ను స్టాండ్‌బైలో పెట్టి, ఆఖరుకు కీబోర్డు తీగ కూడా లాగేశాను. బల్ల మీద ఒక పచ్చ చుక్క మిగిలింది. వెలుగుతూ... ఆరుతూ... నిద్రలో ఊపిరి తీసినట్టు.

అవ్వ పడుకుంది. నేను గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్నాను. జీరో బల్బు వెలుగు. తలుపు తీసే ఉంది, చల్లగాలికి. గడియారం చప్పుడు. ఎక్కడో కుక్క. రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ ఒకటి మెల్లగా పోయింది. అవ్వ సన్నగా గురక పెడుతోంది.

పదకొండు... పన్నెండు... ఒంటిగంట.

రెండు.

జీరో బల్బు తల దించింది. ఒక్క క్షణం. మళ్లీ ఎత్తింది. యూపీఎస్‌లో "టిక్" అని చిన్న శబ్దం.

పచ్చ చుక్క వెలిగింది... ఆరింది... వెలిగింది... ఆరింది.

లేవలేదు!

ఎగిరి గంతేయాలనిపించింది. అవ్వ కూడా లేవలేదు. గురక సాగుతూనే ఉంది. నా జన్మలో చేసిన మొదటి అసలు రిపేరు అది... ఫార్మాట్ కొట్టకుండా చేసింది. ఇంకో పది నిమిషాలు చూశాను. ఇక కళ్లు నిలవలేదు. బల్బు వెలుగు కళ్లలో పడుతోందని దాన్ని కూడా ఆర్పేశాను. కడుపు నిండా రొట్టెలు, తల నిండా గర్వం. పడుకున్నాను.

పూర్తి చీకటి.

ఎంతసేపో తెలియదు... నిద్రకూ మెలకువకూ మధ్యన ఉన్నాను.

"టక్."

కళ్లు తెరిచాను.

చీకట్లో... కంప్యూటర్ లోపల ఫ్యాను కదిలింది. మొదట మెల్లగా. తర్వాత జోరుగా. ముసలి డిస్క్ "కిర్ర్... కిర్ర్" మంది. ఆనాటి పెద్ద మానిటర్లు మీకు గుర్తుండే ఉంటాయి. ఒకేసారి వెలగవు. ముందు "ధుమ్" అని లోపల ఒక చప్పుడు. గాజు మీద చిటపట. తర్వాత... అడుగు నుంచి పైకి నీళ్లు నిండినట్టు... వెలుగు. బూడిద రంగు. తర్వాత తెలుపు.

గోడ మీద గడియారం కనిపించింది. రెండూ ఇరవై.

తెర మీద సగం కొట్టిన పెళ్లి పత్రిక. అక్షరం పక్కన ఆ చిన్న గీత కొట్టుకుంటోంది. ఎవరో టైపు చేయబోయి ఆగినట్టు.

ఒట్టేసి చెబుతున్నా, అప్పుడు నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. నాలుగోసారి! రేపు ఈమెకు ఏ మొహం చూపించాలి? లేచాను. బల్ల దగ్గరికి పోయాను. ఆన్ అయితే అయింది, చస్తే చచ్చింది, బంద్ చేసేద్దామని పవర్ బటన్ మీద వేలు పెట్టాను. నొక్కి పట్టాలి. అంతే. నాలుగు సెకన్లు...

వేలు ఆగింది.

ఏదో లేదు. గదిలో ఉండాల్సిన చప్పుడు ఒకటి లేదు.

గురక లేదు.

కంప్యూటర్ లేచిందంటే ముందు లేచేది అవ్వ. "లేసిండా" అని తనే అంటుంది. ఇన్ని రోజులుగా ఒక్కరోజు తప్పలేదట. ఈ రాత్రి గదిలో ఇంత వెలుగు... అవ్వ ఏమీ అనలేదు.

నెమ్మదిగా వెనక్కి తిరిగాను.

మానిటర్ వెలుగు సూటిగా ఆమె మొహం మీద పడుతోంది. మొహమంతా తడి. మెరుస్తోంది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి... కానీ చూడటం లేదు. పెదవులు కదులుతున్నాయి. మాట లేదు. చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. చీర కూడా చెమటకు తడిసిపోయింది.

"అక్కా! లలితక్కా!"

అప్పుడు వచ్చింది భయం.

లలితక్క పరుగున వచ్చింది. చూస్తూనే వంటింట్లోకి ఉరికింది. గుప్పిట్లో షక్కర తెచ్చి, వేలు తడిపి, చిగుళ్లకు రాసింది. "అత్తమ్మా... అత్తమ్మా... నా దిక్కు సూడు." నేను పక్కింటి ఆటో ఆయన తలుపు బాదాను. ఏ దేవుడు లేపాడో, రెండో దెబ్బకే తీశాడు. పాపను ఆయన భార్యకు ఇచ్చాం. ముగ్గురం దవాఖానకు పోయాం. దారి పొడుగునా లలితక్క అవ్వ నోట్లో వేలు తీయలేదు. రాయడం ఆపలేదు.

గ్లూకోజు ఎక్కించారు. డాక్టర్ సూది బిగించి, నిలబడి చూశాడు. మేమూ నిలబడ్డాం. నిలబడి నిద్రపోయే గుర్రాల్లా కాదు... నిద్ర అన్నది ఉంటుందని మరిచిపోయినవాళ్లలా.

తెల్లవారుతుండగా నర్సవ్వ కళ్లు తిప్పింది. నన్ను చూసింది. "నువ్వింకా పండుకోలేదారా?" అంది.

లలితక్క అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

డాక్టర్ నా భుజం తట్టాడు. "మంచి టైముకు చూసినవయ్యా. తెల్లారిందాక ఆగి ఉంటే నేను చేసేది ఏమీ ఉండకపోవు. ఎట్ల చూసినవ్?"

"కంప్యూటర్ లేపింది సార్" అన్నాను. నిద్ర లేక వాగుతున్నాననుకుని ఆయన అవ్వ వైపు తిరిగాడు.

"అమ్మా, రాత్రి ఏం తిన్నవ్?"

అవ్వ దుప్పటి కొసను వేలికి చుట్టుకుంది.

"సూది తీసుకున్నవ్ గద. ఏం తిన్నవ్?"

"రొట్టెలు నాలుగే ఉండె" అంది అవ్వ, తప్పు చేసిన పిల్లలా. "పిల్లగాడు పొద్దంత ఉపాసమున్నడు. తిన్నడు."

"మరి అన్నం లేకుండెనా?"

"గిన్నె నిండ ఉండె. నువ్వే గద, షుగర్ ఉన్నోళ్లు రాత్రి అన్నం ముట్టొద్దంటివి. నీ మాట నేను తప్పుతనా?"

డాక్టర్ నుదురు కొట్టుకున్నాడు. లలితక్క నన్ను చూసింది. నేను నేలను చూశాను. ఆ నేలలో ఎక్కడైనా చిన్న కంత ఉందేమోనని చూశాను, దూరడానికి.

ఆమె రొట్టెలు. రెండు కాదు, మూడు కాదు... నాలుగూ. ఆమె ప్రాణం పళ్లెంలో పెట్టిస్తే పుంటికూర నంజుకుని తిన్నాను. మొదటి రెండూ నాకోసమే అనుకుందాం. ఆ తర్వాతవి ఎవరివని అడగాలన్న బుద్ధి నాకు లేకపోయింది. పైగా తిని, బల్బు ఆర్పి పడుకున్నాను. నా రిపేరు పూర్తిగా నిలబడి ఉంటే... ఆ గది తెల్లవారేదాకా చీకటిగానే ఉండేది.

పనితనం తప్పిపోయినందుకు దేవుడికి దండం పెట్టుకున్న మెకానిక్కును నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇంతవరకే అయితే ఏదో కారణం దొరికేది. అవ్వకు ఒళ్లు వణికి ఉంటుంది, మంచం బల్లకు తగిలి ఉంటుంది, మౌస్ కదిలి ఉంటుంది... ఆ టిక్కు నేను తీశానని ఒట్టేస్తాను గానీ, నా పని మీద నాకెంత నమ్మకమో మీకు తెలుసు. దవాఖాన బెంచీ మీద కూర్చుని అలాగే సర్దిచెప్పుకుంటున్నాను. మస్కట్‌కు ఫోను చేయాలంది లలితక్క. చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టాను.

చేతికి గుండ్రంగా ఏదో తగిలింది.

రబ్బరు ఉండ.

ముచ్చట్లలో పడి, కడిగిన ఉండను తుడిచి జేబులో వేసుకున్నాను. తిరిగి పెట్టనేలేదు. ఎలుక ఆ రాత్రంతా ఖాళీ పొట్టతో ఉంది. ఉండ లేని మౌస్‌ను బల్లతో సహా ఊపినా, లోపల కదిలేదేమీ ఉండదు. అది లేపాలంటే దాని మీట ఎవరైనా నొక్కి ఉండాలి. ఆ వేళ అవ్వ చేతులు మంచానికి బల్ల లేని వైపు వేలాడుతున్నాయి... నేను పట్టుకున్న చెయ్యి నాకు గుర్తుంది.

చిల్లర లలితక్కకిచ్చి, ఆ ఉండను మళ్లీ జేబులో వేసుకున్నాను.

తర్వాత ఆరు రాత్రులు ఆ ఇంట్లో కాపలా కాశాను. ఇంటి నుంచి డబ్బా కట్టుకుని పోయి మరీ. ఉండ పెట్టి చూశాను, తీసి చూశాను. మంచాన్ని బల్లకేసి గుద్ది చూశాను. యూపీఎస్ ప్లగ్గు పీకి చూశాను. ఒక్కసారి కూడా లేవలేదు. రెండు కొడుతుంది, బల్బు తల దించుతుంది, పచ్చ చుక్క ఊపిరి తీస్తూ ఉంటుంది. అంతే. అంటే నా రిపేరు సరైనదే. మొదటి రాత్రి నుంచీ సరైనదే. మరి ఆ రోజు?

నర్సవ్వకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "మోటర్ పెట్టుడు అయిపోయింది బిడ్డా. ఇగ ఎందుకు లేస్తడు?" అంది. ఆ రాత్రి నుంచి ఆమె కూడా తెల్లారేదాకా హాయిగా పడుకుంది. లలితక్కకు కావలసింది అదే కదా. కొత్త డిస్క్ వచ్చాక ఆ పాతదాన్ని పారేయకుండా బట్టలో చుట్టి బీరువాలో పెట్టింది. ఎందుకని నేను అడగలేదు.

అవ్వ ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికింది. పాప బడికి పోవడం చూసింది, కొడుకు తిరిగి రావడం చూసింది. నేను ఎప్పుడు పోయినా రొట్టె పెట్టేది.

"నువ్వు తిన్నవా?"

"తిన్న బిడ్డా."

"ఏదీ, నోరు తెరువు."

"ఓసి లలితా, సూడే, మెకానిక్కు నా నోరు ఇప్పి సూస్తనంటుండు!"

"సూడనీ అత్తమ్మా" అనేది లలితక్క లోపలి నుంచి. "గీ తమ్మి మీద నమ్మకం లేకనే గద, మామ ఆ రాత్రి సొంతంగ రావలసొచ్చింది."

ముగ్గురం నవ్వేవాళ్లం. మొదటి ముక్క ఆమె తిన్నాకే నేను ముట్టేవాణ్ణి.

అది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. కరెంటో, ముసలి యంత్రం పిచ్చో, బీర్కూర్ చెరుకు తోటలో నీళ్లు పెట్టి వచ్చిన పెద్దమనిషో. రబ్బరు ఉండ నా టేబుల్ సొరుగులో ఉంది. కావాలంటే చూపిస్తాను. ఎవరైనా సరే... నా వేలు ఆ బటన్ నొక్కకముందే వచ్చినందుకు రుణపడి ఉన్నాను.

అప్పటి నుంచి మా ఇంట్లో కంప్యూటర్‌ను రాత్రి పూర్తిగా ఆపను. స్టాండ్‌బైలో పెడతాను. కరెంటు దండగ అంటుంది మా ఆవిడ. పచ్చ చుక్కను చూసి, అందరూ తిన్నారో లేదో ఒకసారి అడిగి, అప్పుడు పడుకుంటాను.

ఇన్నేళ్లలో అది ఒక్కసారీ దానంతటదే లేవలేదు. లేవాల్సిన అవసరం రాలేదేమో.